ఆగమన కాలానికి అడ్డదారులు

మొన్న నవంబరు నెలాఖరున మా అయ్యగారు ప్రసంగం ముగిస్తూ, "హృదయాలు సిద్ధపరచుకోండి, ప్రభువు కొరకు కనిపెట్టుకొని ఉండండి" అన్నారు. అని, బైబిలు సంచిలో వేసుకుని, మోటారు సైకిలెక్కి ఇంకో ఊరి ఆరాధనకి వెళ్లిపోయారు. ఆయన చేతిలో మూడు ఊళ్ల సంఘాలున్నాయి. ఎలా సిద్ధపరచుకోవాలో విడమరిచి చెప్పే తీరిక ఆయనకి లేదు. ఆ భారం నా మీద పడింది. పడదా మరి? ఇరవై రెండేళ్లుగా సంఘపెద్దను. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నాది. చర్చి ప్రహరీ, రెండు ఫ్యాన్లు, మైకుసెట్టు నా కానుకలే. అనుమానం ఉన్నవాళ్లు వాటి మీద పెయింటుతో రాయించిన పేరు చదువుకోవచ్చు. హృదయం సంగతి నన్ను కాక ఎవరిని అడుగుతారు?

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ కలిపి ఆగమన కాలం. నవంబరు 30 అంద్రెయ పండుగ. దానికి ఏ ఆదివారం దగ్గరైతే ఆ ఆదివారం మొదలు. అందుకే ఒక ఏడాది నవంబరు 27కే వచ్చేస్తుంది, ఇంకో ఏడాది డిసెంబరు 3 దాకా రాదు. ఐదో శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న తూర్ పట్టణానికి పెర్పెతువస్ అనే బిషప్పు ఉండేవాడు. ఆయన నవంబరు 11 మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాడట. పాపం, ఆయనకి మన వరికోతల సంగతి తెలియదు. ఆ రోజుల్లో మనకి అన్నం తినడానికే తీరిక ఉండదు, మానడానికి ఎక్కడ దొరుకుతుంది?

ఆగమనం అంటే రాక. ఒకరు వస్తున్నారంటే ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపే మనిషిని పాడుచేస్తుంది. ఊరికే కూర్చున్నామా, లేనిపోని ఆలోచనలు వస్తాయి. ఎవరికి ఎంత బాకీ, ఎవరి ఉసురు పోసుకున్నాం, ఎవరి తూకంలో ఎంత కొట్టాం, ఇలాంటివి. కనుక మొదటి చిట్కా: ఎదురుచూడకండి. ముందే పండుగ చేసేయండి. మన తెలుగువాళ్లు అందుకే సెమీ క్రిస్మస్ కనిపెట్టారు. పేరుకి సగం క్రిస్మస్, బిర్యానీ మాత్రం నిండుగానే ఉంటుంది. అందరూ డిసెంబరు మధ్యలో చేస్తారు. నేను 2025లో నవంబరు 23కే పెట్టించాను. అంటే ఆగమనం మొదలుకాకముందే మా ఊళ్లో ప్రభువు పుట్టేశాడు. కేకు కోశాం, పశువుల పాక పెట్టాం, పాకలో బొమ్మని పడుకోబెట్టాం. అయ్యగారు మెల్లగా, "ఇంకా మొదటి ఆదివారమైనా రాలేదు కదండీ" అన్నారు. "రానివ్వండి, దానికీ ఒక ప్లేటు తీసిపెట్టాం" అన్నాను.

ఆ ఏడాది ఇంకో సౌకర్యం కూడా కలిసొచ్చింది. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే అయిపోయింది. ఆ తర్వాత ఊళ్లు దాదాపు రెండేళ్లు సర్పంచి లేకుండా కళ్లు కాయలు కాసేలా చూశాయి. చివరికి 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పోలింగు పెట్టారు. 14వ తేదీ సరిగ్గా మూడో ఆదివారం. ఆ ఆదివారానికి నియమించిన పాఠంలో జైల్లో ఉన్న యోహాను తన శిష్యుల్ని యేసు దగ్గరికి పంపుతాడు. రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని అడిగి రమ్మంటాడు. మా వార్డులో ఓట్లడగడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అదే ప్రశ్న అడిగాం. అందరూ "నేనే" అన్నారు. యేసు మాత్రం ఆ మాట అనలేదు. గుడ్డివాళ్లకి చూపు వస్తోంది, కుంటివాళ్లు నడుస్తున్నారు, బీదవాళ్లకి మంచి కబురు అందుతోంది, మీరు చూసింది పోయి చెప్పండి అని ఊరుకున్నాడు. అలా మాట్లాడేవాడు మా దగ్గర వార్డు మెంబరుగా కూడా గెలవడు.

ఇక కొవ్వొత్తులు. ఆగమన చక్రం అని ఒకటుంది. పచ్చని కొమ్మలతో చుట్టిన చక్రంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి, ఆదివారానికొకటి చొప్పున వెలిగిస్తారు. ఇది జర్మనీ వాళ్ల అలవాటు. హాంబుర్గ్ దగ్గర దిక్కులేని పిల్లల కోసం ఆశ్రమం నడిపిన వీషెర్న్ అనే పాస్టరు 1839లో మొదలుపెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని పిల్లలు ప్రాణం తీస్తుంటే, పాత బండి చక్రం ఒకటి తెచ్చి వేలాడదీశాడు. మామూలు రోజుకి చిన్న కొవ్వొత్తి, ఆదివారానికి పెద్దది. వెలుగు రోజురోజుకీ పెరుగుతుంటే పిల్లలు రోజులు లెక్కపెట్టుకునేవారు. బండి చక్రం మనకి కొత్తా? మా పెరట్లోనే మూడు మూలుగుతున్నాయి. కానీ పాత చక్రం చర్చిలో పెడితే నామోషీ అని ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్‌ది తెప్పించాను. చిట్కా ఏమిటంటే, మొదటి ఆదివారమే నాలుగూ వెలిగించేయండి. ఫొటోలో నిండుగా ఉంటుంది. ఒక్కటే వెలుగుతూ మూడు ఆరిపోయి ఉంటే చూసేవాళ్లు కరెంటు కోత అనుకుంటారు.

స్టారు గురించి ఎక్కువ చెప్పను. పక్కింటివాళ్ల వెదురు కంటే మీ వెదురు రెండు గజాలు పొడుగుండాలి, అంతే. కరెంటు తీగ మీద కొక్కెం ఎవరు వేశారని లైన్‌మన్ అడిగితే జ్ఞానులు వేశారని చెప్పండి.

మైకు గురించి మాత్రం చెప్పాలి. మా పక్కింట్లో ఒక పెద్దామె ఉంది. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లారుజామున నాలుగింటికే లేచి, చన్నీళ్లు పోసుకుని, తిరుప్పావై చదువుకుంటుంది. ముప్పై రోజులు. అవతల భద్రాచలంలో ముక్కోటి నాడు రామాలయం ఉత్తర ద్వారం తెరుస్తారు కదా, ఏడాదికి ఒక్కసారి. ముందురోజు సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం. ఆ తలుపు కోసం ఆమె ఏడాదంతా చూస్తుంది. నేను మూడున్నరకే మైకులో క్యారల్ పాటలు పెట్టించాను. భక్తిలో వెనకబడకూడదు కదా. ఆమె గోడ మీంచి తొంగిచూసి, "ఏమయ్యా, మీ దేవుడు పుట్టడానికి ఇంకా పది రోజులుందంటివి, ఇప్పటినుంచే నొప్పులా?" అంది. జవాబు తోచలేదు. సౌండు కొంచెం పెంచాను.

మొదటి ఆదివారం పాఠానికి వద్దాం. నోవహు రోజుల్లో జనం తింటూ తాగుతూ పెళ్లిళ్లు చేసుకుంటూ ఉన్నారు, జలప్రళయం వచ్చి కొట్టుకుపోయే దాకా వాళ్లకి తెలియనే లేదు, ఆ రాకడ కూడా అలాగే ఉంటుంది అని ఆ పాఠం. ఇంకెక్కడైనా ఇది కథ. గోదావరి ఒడ్డున ఇది వార్త. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. రెండుసార్లూ నేను ఒడ్డునే ఉన్నాను. అనుభవంతో చెబుతున్నాను వినండి. మొదటి హెచ్చరికకి కోళ్లని, మేకల్ని గట్టుకి తోలుకుపోయేవాళ్లు లంకల్లో బతికే బీదవాళ్లు. రెండో హెచ్చరికకి బియ్యం మూట అటక మీద పెట్టేవాళ్లు మధ్యరకం. నాబోటివాళ్లు మూడో హెచ్చరిక అయ్యాక మేడ మీదికెక్కి వీడియో తీస్తారు. ఆగమనం కూడా అంతే. నాలుగు ఆదివారాలు ఇచ్చారంటే మొదటి మూడూ హెచ్చరికలన్న మాట. కంగారుపడి ఎవరూ ఏదీ సర్దుకోనక్కర్లేదు.

అంతగా భయమైతే కరకట్ట కట్టుకోండి, గుండె చుట్టూ. భద్రాచలానికి కట్టారు కదా, గట్టి పని. ఒక్కటే ఇబ్బంది. గోదావరి పెరిగినప్పుడు కరకట్ట స్లూయిజులు మూసేస్తారు, నది లోపలికి రాకుండా. అప్పుడు ఊళ్లో వాన నీళ్లూ మురుగూ బయటికి పోయే దారిలేక రామాలయం చుట్టుపక్కలే నిలుస్తాయి. నది బయటే ఆగిపోతుంది, ఊరు మాత్రం తన మురుగులోనే మునుగుతుంది. మోటార్లు పెట్టి తోడిపోయాలి. గుండెకి ఏ మోటారు పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. అంతదాకా కట్ట మీద కూర్చుని గాలి పీల్చుకోండి.

ఇప్పటికి ఎన్ని చిట్కాలయ్యాయో లెక్క తప్పింది. పర్వాలేదు, అసలు కష్టమైన మనిషి ఇప్పుడొస్తున్నాడు. బాప్తిస్మమిచ్చే యోహాను. ఆగమన కాలం అంతా ఇతనే. పుట్టబోయే బిడ్డ గురించి విందామని చర్చికి వస్తే, రెండు ఆదివారాలు ఈ ఒంటె వెంట్రుకల బట్ట కట్టుకున్నాయన నిలబడి తిడతాడు. తిండి మిడతలూ అడవి తేనె. తేనె మాట వరకు నేను యోహాను పక్షమే. సంతకి కోయ పిల్లలు తెచ్చే తేనె నేనే కొంటాను. బేరమాడి కొంటాను. ఆ పైన బెల్లం పాకం కలిపి సీసాలకెత్తడం నా సొంత పరిచర్య.

జనం యోహాను దగ్గరికి పోయి, మరి మేమేం చెయ్యాలి అని అడిగారు. అక్కడ ఆయన ప్రార్థన చెయ్యమనలేదు, పాట పాడమనలేదు, స్టారు కట్టమనలేదు. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికి ఇవ్వాలన్నాడు. నేను బీరువా తెరిచి లెక్కపెట్టాను. పదకొండున్నాయి. పదకొండు గురించి యోహాను ఏమీ చెప్పలేదు. రెండున్నవాళ్లే జాగ్రత్తగా ఉండాలి.

తర్వాత పన్ను వసూలు చేసేవాళ్లొచ్చి అడిగారు. మీకు నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. ఇక్కడ కొంచెం వివరం కావాలి, ఎందుకంటే డిసెంబరు అంటే మాకు వడ్ల కొనుగోలు కేంద్రం. కల్లంలో ఎండబోసిన వడ్లు తెచ్చి రాశి పోస్తారు. తేమ మిషనులో పిడికెడు గింజలు వేస్తే అంకె చూపిస్తుంది. 17 శాతం దాటితే కాంటా పెట్టరు. పగలు ఎండకి పదహారున్నరకి దిగుతుంది, రాత్రి మంచుకి మళ్లీ పద్దెనిమిదికి ఎక్కుతుంది. కాంటా అయినా లారీ రావాలి. లారీ వచ్చినా మిల్లువాడు తాలు ఉందంటాడు, 40 కిలోల బస్తాకి కిలోనో రెండు కిలోలో తరుగు తీస్తాడు. ఈ తరుగు అనే మాట బైబిల్లో లేదు కానీ యోహాను అన్నది దాన్నే. వచ్చేవాడి చేతిలో చేట ఉంటుంది, తూర్పారపట్టి గింజ గింజా కొట్టులో పోసుకుని తాలుని తగలబెడతాడు అని కూడా అన్నాడు. ఏ ఊరి రైతుకైనా ఇది వింటే ఒళ్లు జలదరించాలి. నాకు జలదరించలేదు. నా దుకాణంలో ఉద్దెర మీద మందులు తీసుకున్నవాళ్లు పత్తి నాకే వేస్తారు, ఆ కాంటా నాది, తరుగు నాది, నూటికి మూడు రూపాయల వడ్డీ నాది. నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, నిజమే. నిర్ణయించేది నేనే కనుక ఎక్కువ అనే ప్రశ్నే రాదు. వాక్యాన్ని ఇలా జాగ్రత్తగా చదువుకోవాలి.

లోయలు పూడాలి, కొండలు అణగాలి, వంకరదారి తిన్ననవ్వాలి అని ఇంకో పాఠం. దీన్ని మాటకి మాట అమలుచేసిన మనిషి మన దగ్గరే ఒకాయన ఉన్నాడు. కెప్టెన్ హేగ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1860 ప్రాంతంలో గోదావరి మీద పడవలు పైదాకా నడపాలని దుమ్ముగూడెం దగ్గర రాతి దిబ్బల్ని దాటించే ఆనకట్ట, కాలువల పని చేయించాడు. పనితో ఊరుకోక, అక్కడి కోయవాళ్లకి సువార్త చెప్పాలని పట్టుబట్టి చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లని రప్పించాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ వచ్చి ఏళ్ల తరబడి ఆ అడవుల్లో తిరిగి కోయవాళ్ల మాటా, మన్ననా, పండుగలూ రాసిపెట్టాడు. పడవదారి మధ్యలోనే ఆగిపోయింది. సర్కారు సొమ్ము పోసిన పని ఆగింది, ఆయన పట్టుబట్టి మొదలుపెట్టించిన పని నిలిచింది. ఇందులో నీతి వెతక్కండి. నేను చెప్పేదల్లా, కొండలు కోసే కాంట్రాక్టు ఏదైనా పడితే మనవాళ్లకి ఇప్పించండి.

మా నాయనమ్మ గురించి కూడా రాయాలి, రాయకపోతే కల్లోకొస్తుంది. ఆమెది డోర్నకల్ వైపు. అజరయ్య గారి కాలంలో పుట్టింది. తిరునల్వేలి నుంచి వచ్చి 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొట్టమొదటి బిషప్పు అయినాయన. క్రిస్మస్ వెళ్లిన నాలుగో రోజన్న మాట. ఆయన కట్టించిన డోర్నకల్ గుడిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. జ్ఞానులు శిశువుని చూసిన పండుగ రోజది, గుడి పేరూ ఎపిఫనీయే. ఆ గుడి చూస్తే గోపురం గుర్తొస్తుంది, మసీదూ గుర్తొస్తుంది. బిషప్పయ్యాక 26 ఏళ్లకి గుడి! నాకు అప్పగించి ఉంటే రెండు సీజన్లలో లేపేసేవాణ్ణి. సరే, మా నాయనమ్మ. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క ముంతలో వేసేది. కరువులో కూడా వేసేది. మాకు ఒక ముద్ద తక్కువయ్యేది, నాకు బాగా గుర్తు. ఆదివారం ఆ ముంత చర్చిలో ఒంపేది. ఎవరి ముంత ఎంతో ఎవరికీ తెలిసేది కాదు, అన్నీ ఒకే గంపలో కలిసిపోయేవి. ఇదీ ఆ పద్ధతిలో ఉన్న లోపం. పేరు రాసుకోడానికి చోటులేదు. నేను దాన్ని సరిచేశాను. ఏడాదికొకసారి, క్రిస్మస్ నాడు, ఒక బస్తా. అయ్యగారు మైకులో పేరు చదువుతారు. రోజూ పిడికెడు తీసే బాధ లేదు, తీసినప్పుడు మనకేమైనా తగ్గినట్టు అనిపించే ప్రమాదమూ లేదు.

పశ్చాత్తాపం గురించి అడుగుతారని తెలుసు. ఆగమన కాలం ఊదారంగు వస్త్రాల కాలం, ఒప్పుకోలు కాలం. ఒప్పుకోండి, తప్పక ఒప్పుకోండి, కానీ ఏవి ఒప్పుకోవాలో ముందు ఏరుకోండి. కోపం, బద్ధకం, ప్రార్థనలో కునుకు, ఇవి మంచివి. వినేవాళ్లకీ సానుభూతి ఉంటుంది. నేను ఏటా రెండో ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు "నేను ఘోరపాపిని" అంటాను. ఘోరం అనే మాటలో అన్నీ వస్తాయి కనుక విడివిడిగా చెప్పే పని ఉండదు. రెవెన్యూ కాగితాలతో ముడిపడ్డ పాపాల జోలికి మాత్రం పోకండి.

ఆ మాట ఎందుకన్నానంటే మా పట్టాదారు ఉన్నాడు. మేమలా పిలుస్తాం. కోయ మనిషి, మా చర్చిలో ఆఖరి వరసలో కూర్చుంటాడు. ఏజెన్సీలో 1/70 చట్టం సంగతి మీకు తెలిసిందే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో బిగించారు. గిరిజనేతరుడు గిరిజనుడి భూమి కొనకూడదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గరా కొనకూడదు. నేను కొనలేదు. మా నాన్న ఒకప్పుడు ఆ మనిషి తండ్రికి రెండు బస్తాల జొన్నలూ, కొంత రొక్కమూ ఇచ్చాడు, ఆ బాకీ వడ్డీతో పెరిగి అయిదెకరాలైంది. పాసుపుస్తకం అతని పేరునే ఉంది. దున్నించేది నేను, కోయించేది నేను. నాట్లప్పుడూ కోతలప్పుడూ అతనికి కూలి కూడా నేనే ఇస్తాను, ఒక్క పూట ఎగ్గొట్టలేదు. వడ్లు కేంద్రానికి పోయాక రాత్రిళ్లు రాశి కాపలా అతనిదే. మంచు పడకుండా రాశికి ఒక టార్పాలిన్ పట్టా, దాని కొసని కప్పుకుని అతను. ఒక పట్టా అతని పేరున, ఇంకో పట్టా అతని ఒంటి మీద. రెండూ నావే.

మెలకువగా ఉండండి, ఇంటి యజమానికి దొంగ ఏ జామున వస్తాడో తెలిస్తే మేలుకునే ఉంటాడు కదా అని పాఠంలో ఉంటే, అయ్యగారు దానికి దృష్టాంతంగా అతన్ని చూపించారు. రాత్రి రెండింటికి ఆ దారిన పోతూ చూశారట. చలిమంట దగ్గర కూర్చుని కళ్లు తెరుచుకునే ఉన్నాడట, కుక్క మొరిగిన వైపల్లా చూస్తూ. సంఘమంతా వెనక్కి తిరిగి అతన్ని చూసింది. అతను తల దించుకున్నాడు. కాపలా పెట్టించింది నేనని ఎవరూ అనలేదు.

ఆ మధ్యాహ్నం సండే స్కూలు. ఆగమనం గురించి పిల్లలకి నేనే చెప్పాను. పొలంలో ఇద్దరుంటారు, ఒకరిని తీసుకుపోతారు, ఇంకొకరిని వదిలేస్తారు అని భయపెట్టేలా చెప్పాను. పట్టాదారు కూతురు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదువుతోంది, ఆదివారానికి వచ్చింది. చెయ్యెత్తి, "పెదనాన్నా, మరి ఆ పొలం ఎవరికి పోతుంది?" అంది. చిట్కా: పిల్లలకి ప్రశ్నలడిగే సమయం ఇవ్వకండి. రంగులు వేసే బొమ్మలివ్వండి.

చివరిది, నాలుగో ఆదివారం. ఇది నిజంగా ఓపిక పట్టాల్సిన వారం, ఎందుకంటే ఆ ముందు గురువారమే కాంటా అయింది. 110 క్వింటాళ్లు. ఆ ఏడాది మద్దతు ధర 2,389, సన్నాలు కనుక దాని మీద 500 బోనసు. మొత్తం 3,17,790 రూపాయలు. హమాలీ, రవాణా, తరుగు పోయాక ఎంతో చూడాలి. సర్కారు డబ్బు పట్టాదారు ఖాతాలోనే వేస్తుంది. ఇన్నేళ్లూ బాధ లేదు, అతని ఏటీఎం కార్డు నా బీరువాలో, అంగీల కింద ఉండేది. ఆ కార్డుకి గడువు తీరింది. కొత్తది పోస్టులో వాళ్లింటికి వచ్చిందని పోస్టుమ్యాన్ చెప్పాడు. అడిగితే, "ఉందన్నా, అమ్మాయి ఎక్కడో పెట్టింది" అన్నాడు.

కనుక ఆ ఆదివారం ఎక్కడ కూర్చోవాలో చెబుతాను. ముందు వరస వద్దు. ఆఖరి వరసలో, అతని చొక్కా జేబు కనిపించేలా కూర్చోండి. మరియ పాట గురించి అయ్యగారు ఏదో చెబుతున్నారు, బలవంతుల్ని గద్దెల మీంచి దించాడనీ, ఆకలిగొన్నవాళ్లని నింపి ధనవంతుల్ని వట్టిచేతులతో పంపాడనీ. నా చెవి జేబు మీదే ఉంది. రెండుసార్లు ఫోను కిర్రుమంది. మొదటిది రీఛార్జి మెసేజీ. రెండోది నాకు చూపించలేదు.

సోమవారం అతను రాలేదు. మంగళవారం ఫోను చేస్తే స్విచాఫ్. వాళ్ల అత్తగారి ఊరు చర్ల దాటాక ఇంకా లోపల, అక్కడ సిగ్నలు ఉండదంటారు. పిల్లకి సెలవులు, అందరూ కలిసి పోయారంటారు. 24 రాత్రి క్యారల్స్ పార్టీ జీపుని నేనే వాళ్ల గుంపు వైపు మళ్లించాను, డీజిలు నాది. గుడిసెకి గొళ్లెం పెట్టి ఉంది. పిల్లలు గొళ్లెం పెట్టిన తలుపు ముందే నిలబడి పాట మొత్తం పాడారు.

క్రిస్మస్ ఉదయం ఆరాధన ఎనిమిదింటికి. నేను ఆరున్నరకే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. చేతిలో కవరు కూడా చింపని కొత్త అంగీ, అతని కొలతకే, నలభై రెండు. మంచులో ఎవరు వస్తున్నా ముందు ఆకారం, ఆ తర్వాత మనిషి. వచ్చిన ప్రతి ఆకారానికీ మడమలెత్తి చూశాను. లోపల నాలుగు కొవ్వొత్తులూ ఎప్పుడో కరిగిపోయి ప్లాస్టిక్ చక్రానికి అంటుకుపోయాయి, కొత్తవి కొనమని చెప్పడం మర్చిపోయాను. పాటలయ్యాయి, ప్రసంగమయింది, నా బస్తా పేరు మైకులో చదివారు. నేను గేటు దగ్గరే ఉన్నాను.

ఆరాధన ముగించుకుని అయ్యగారు రెండో ఊరికి బండి తీస్తూ నన్ను చూసి ఆగారు.

"ఏమండీ, లోపలికే రాలేదు. ఇక్కడేం చేస్తున్నారు?"

"కనిపెడుతున్నానండీ" అన్నాను.